జ్ఞాని పైబట్టకు వేసిన ఎరుపు

మా మనవరాలు నట్టింట్లో బోర్లా పడుకొని బొమ్మకు రంగులు వేస్తోంది. చర్చిలో పిల్లలకు పంచిన కాగితం అది. ఒట్టి గీతలతో అచ్చువేసిన ముగ్గురు జ్ఞానులు, వాళ్ళ ఒంటెలు, పైన ఒక చుక్క. అడుగున కథ నాలుగు వాక్యాల్లో ఉంది. వారానికొక కాగితం ఇస్తారట. క్రిస్మస్ నాటికి కథంతా రంగులు వేస్తూనే పిల్లలకు వచ్చేస్తుందట. ఈ పద్ధతి తానే కనిపెట్టినట్టు పాస్టరమ్మ మొన్న మా ప్రొద్దుటూరు చర్చి వాకిట్లో చెబుతుంటే విన్నాను.

"అవ్వా, ఈయప్ప పైబట్టకు ఏం రంగు వెయ్యల్ల?" అని అడిగింది పిల్ల. పక్కన డబ్బా నిండా స్కెచ్ పెన్నులు. ఎరుపులోనే ముదురుదొకటి, లేతదొకటి.

"ఎరుపు మటుకు వద్దు" అన్నాను.

పిల్ల తలెత్తి చూసింది. నా గొంతు అట్లా వచ్చి ఉంటుంది.

నేను మరిచిపోయే మనిషిని కాను. మా ఆడబిడ్డ కూతురి పెండ్లిలో నన్ను మొదటి పంక్తి నుంచి లేపి రెండో పంక్తిలో కూర్చోబెట్టినారు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. రేషను అంగట్లో నన్ను ఎండలో నిలబెట్టి తన బంధువులకు ముందు బియ్యం పోసినవాడి ముఖం ఈ రోజుకూ గుర్తుపడతాను. మా కోడలు దీన్ని జబ్బంటుంది. అననీ. అవన్నీ చిల్లర సంగతులు. అసలుది ఒకటుంది. అది జమ్మలమడుగులో, నేను మూడో తరగతి చదివేటప్పుడు, ఒక చలికాలంలో జరిగింది. దాన్ని సగం తెలిసినవాళ్ళు సగం సగం చెప్పుకున్నారు. అంతా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

మిషన్ కాంపౌండు వెనక గోడకు ఆనుకొని బండల కప్పుతో ఒక వరుస ఇండ్లుండేవి. ఆసుపత్రిలో, బోర్డింగు బడిలో కిందిపనులు చేసేవాళ్ళకు ఇచ్చినవి. మాది చివరిది. మా ముత్తాతలు దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. నాయన బండల గనిలో పని చేసేవాడు. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే వాకిట్లో బూడిదరంగు దుమ్ము లేచేది. అమ్మది బోర్డింగు వంటింట్లో పని. పిల్లలందరికీ రాగి సంగటి ఆమే గెలికేది. అట్లా గెలికి గెలికి ఆమె కుడిభుజం ఎడమదానికంటే లావైంది. సాయంత్రం వచ్చేటప్పుడు కొంగులో సంగటి మాడు చెక్క, దాని మీద చెనక్కాయలు నూరిన ఊరిబిండి ఒక ముద్ద తెచ్చేది. ఆ కొంగు విప్పేటప్పుడు పొగ వాసన, మాడు వాసన, వెల్లుల్లి వాసన కలిసి వచ్చేవి. నా వెనక మా తమ్ముడు పాకుతూ వచ్చేవాడు. వాడికి అప్పటికి ఇంకా సరిగా నడక రాలేదు.

గోడకు అవతల గొర్లు మేపేవాళ్ళ ఇండ్లు. గాలి అటునుంచి తిరిగితే మా అన్నం గూడా గొర్రెల వాసన వచ్చేది. ఆ ఇండ్లలో మొదటి ఇంటామెను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఊర్లో అంతా ఆమెను గొర్లోళ్ళత్త అనేవాళ్ళు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, నోట్లో వక్కాకు. గోడ మీదుగా ఆమె మజ్జిగ ఇచ్చేది, అమ్మ గంజి ఇచ్చేది. ఇద్దరూ ఒకరి దేవుళ్ళ గురించి ఇంకొకరు ఎగతాళి చేసుకొనేవాళ్ళు, నవ్వుకొనేవాళ్ళు. "మీ దేవుడు ఆదివారమొక్కటే లేచ్చాడంట గదమ్మే, తక్కిన దినాలు నిద్రేనా?" అని ఆమె అంటే, "మీ అమ్మోరు మాత్రం ఏటపోతు వాసనొస్తేనే గదా కన్ను తెరిచేది" అని అమ్మ అనేది. ఆ మాటలకు ఎవరూ ఎవరినీ పెద్దల దగ్గరికి ఈడ్చలేదు.

డిసెంబరు వచ్చిందంటే కాంపౌండంతా సున్నం వాసన. చర్చి గోడలకు సున్నం కొడుతుంటే మేము బక్కెట్లలో వేళ్ళు ముంచి ఒకరి వీపున ఒకరం రాసుకొనేవాళ్ళం. వేళ్ళు పగిలి మండేవి. బోర్డింగు వంటింట్లో బెల్లం దిమ్మెలు దించితే, అమ్మ చూడనట్టు అటు తిరిగేది, నేనొక పలుకు దవడలో దాచుకొనేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం సండే స్కూలు. చెప్పేది టీచరమ్మ. దొరసానుల దగ్గర చదువుకొన్న మనిషి. తెల్లచీర, మోచేతుల దాకా రవిక, గడియారం.

ఆమె మైనపు కాగితం మీద సూదిలాంటి కలంతో బొమ్మ గీసేది. ఆసుపత్రి ఆఫీసులో మిషను మీద ఆ బొమ్మను ఎన్నో కాగితాల మీదికి తీసుకొచ్చేది. తడి ఆరని ఆ సిరా వాసన మాకు క్రిస్మస్ వాసన. ముందు కథ చెప్పేది, తర్వాత ఆ కథ బొమ్మ చేతికిచ్చేది. మొదటి వారం దేవదూత, రెండో వారం పొలంలో గొర్రెలు కాసే కాపరులు, మూడో వారం జ్ఞానులు, చివర పశువుల తొట్టి. కథ చెప్పడంలో ఆమెకు సాటి లేదు. ఇది చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టు. కాపరులకు చలేసింది అని ఆమె అంటే మేము కాళ్ళు దగ్గరికి ముడుచుకొనేవాళ్ళం. అక్షరాలు సరిగా రాని పిల్లలు గూడా బొమ్మ చూపితే కథ మొదటినుంచీ చెప్పేవాళ్ళు.

రంగులు మటుకు వేరే సంగతి. ఎక్కడో దేశాలనుంచి వచ్చిన మైనపు రంగుల డబ్బా ఒక్కటే ఉండేది. అది ముందు బెంచీ నుంచి మొదలయ్యేది. ముందు బెంచీలో డాక్టరు పిల్లలు, కాంపౌండరు పిల్లలు, టీచరమ్మ కొడుకు. వెనక చాప మీద మేము. డబ్బా మా దగ్గరికి వచ్చేలోపల గంట కొట్టేవాళ్ళు. టీచరమ్మ కొడుకు మంచి పిల్లోడు. ఒకసారి ఆకుపచ్చ ముక్క ఒకటి జేబులో దాచి, బయటికి పోతూ నా చేతిలో పెట్టినాడు. వాడి చేతికి ఎప్పుడూ అరటిపండు వాసన వచ్చేది.

మేము వెనకనుంచి గొణిగితే టీచరమ్మ చెప్పింది: "ఇంటికి తీసుకపోయి, ఇంట్లో ఏముంటే దాంతో వేసుకరాండి. దేవునికి అన్ని రంగులూ ఒకటే."

ఈ మాట నేనొక్కదాన్నే వినలేదు. చాప మీద కూర్చున్న అందరమూ విన్నాము.

అట్లా మొదలైంది మా ఇంటి రంగుల పని. పసుపు ఉంది. కుండ అడుగున మసి ఉంది. చిక్కుడాకు నలిపితే పచ్చ. బట్టలకు పెట్టే నీలిమందు ఆకాశానికి. ఆ నీలిమందు నాలిక మీద పెట్టుకొని ఒకరికొకరం చూపించుకొని, నీలి నాలికలతోనే సాయంత్రం ప్రార్థనకు పోయి తన్నులు తిన్నాము. ఎరుపు ఒక్కటి లేదు. రెండో వారం దేవదూత రెక్కల అంచులకు ఇటుకపొడి వేసుకుపోయినాను. టీచరమ్మ అందరి ముందూ ఎత్తి చూపించి, "ఇది దేవదూతా, ఇటుకల బట్టీ కూలోళ్ళ బిడ్డా?" అన్నది. ముందు బెంచీ అంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న పిల్ల నాయన నిజంగానే ఇటుకల బట్టీలో కూలి. ఆ పిల్ల గూడా నవ్వింది, ఏం చేయాలో తెలియక.

ఆ వారంలోనే పిల్లలకు తట్టు వచ్చింది.

కాంపౌండులో ఇంటింటికీ పాకింది. ఊర్లోవాళ్ళు అమ్మోరు పోసింది అన్నారు. ఆసుపత్రిలో మంచాలు చాలక వసారాలో చాపలు వేసినారు. మా తమ్ముడికి ఒళ్ళంతా పేలింది. కళ్ళు తెరవలేదు, పాలు పట్టలేదు. అమ్మ పనికి పోయేది, మధ్యలో పరిగెత్తుకొని వచ్చేది, వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి మళ్ళీ పరిగెత్తేది. ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చిన మందు వేసింది. గొర్లోళ్ళత్త గోడ మీదుగా వేపమండలు అందించి, "ఈగలు వాల్తాండాయమ్మే, ఇవి వాకిట్లో కట్టు, బిడ్డ పక్కలో పరుచు" అంటే కట్టింది, పరిచింది. మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన నేను విన్నాను. అందులో మాటలు శానా లేవు. "అయ్యా, వీన్ని నాకు ఉండనియ్యి" అన్నది, అంతే.

టీచరమ్మ కొడుకు పోయినాడు.

చిన్న పెట్టె. డాక్టరు, కాంపౌండరు మోసినారు. టీచరమ్మ ఏడవలేదు. దేవుడిచ్చినాడు, దేవుడే తీసుకున్నాడు అని పాస్టరు అయ్యగారు అంటే తల ఊపింది. ఆమె వేళ్ళు మాత్రం చీర అంచును ఊరికే చుడుతూ విప్పుతూ ఉన్నాయి.

మా తమ్ముడు కళ్ళు తెరిచినాడు.

ఆ ఆదివారం సాయంకాలం ప్రార్థనలో అమ్మ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. అది మా చర్చి ఆచారం. మేలు జరిగితే పదిమందిలో చెప్పాలి, చెప్పకపోతే కృతజ్ఞత లేనట్టు. "నా బిడ్డను దేవుడు బతికించినాడు. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది. ఆడవాళ్ళ చాపల్లో మొదటి వరుసలో టీచరమ్మ ఉంది. ఆమె వెనక్కి తిరిగి అమ్మను చూసింది. ఆ చూపు నేను చూసినాను. ఆమె అమ్మను అడుగుతున్నట్టుంది, మరి నా బిడ్డను ఎవరు చంపినారు అని.

టీచరమ్మ మూడో కాగితం అదే రోజు మధ్యాహ్నం ఇచ్చింది. బిడ్డ పోయిన వారంలోనే వచ్చి కథ చెప్పింది. అందుకు అందరూ ఆమెను పొగిడినారు. జ్ఞానులు ఎంత దూరం నుంచి వచ్చినారో, ఎట్లా చుక్కను చూసుకుంటూ నడిచినారో చెప్పింది. కాగితాలు పంచుతూ, "పెద్ద జ్ఞాని పైవస్త్రం ఎరుపు. రాజులు కట్టే ఎరుపు. ఈసారి ఇటుకపొడి పూసుకొచ్చినారంటే ఊరుకోను" అని నా కాగితం ఒడిలో పడేసింది.

ఇంట్లో ఆ ఎరుపు యాడ ఉంటుంది? అమ్మ పనిలో ఉంది. నేను గోడెక్కి దూకినాను.

గొర్లోళ్ళత్త గొర్రెపిల్లకు పాలు తాపుతోంది. "ఏం పాపా, ఏంది కావల్ల?"

"ఎర్ర రంగు కావల్లత్తా. రాజులు కట్టే ఎరుపు."

"మా ఇంట్లో యా రాజుండాడు? కుంకుమ ఉండాది, కావల్నా?"

"అదే చాలత్తా."

ఆముదపాకులో చిటికెడు పొట్లం కట్టిచ్చింది. ఇస్తూ నవ్వింది. "మీ దేవుని సుట్టాలకు గూడా మా కుంకుమే కావల్సొచ్చిందా? మీ యమ్మతో చెప్తా ఉండు."

గంజిలో కలిపి వేలితో పూసినాను. ఎంత ఎరుపు అది. ఆరిన తర్వాత గూడా తడిగా ఉన్నట్టు మెరిసింది. ఆ జ్ఞానిని చూస్తే నిజంగా ఎక్కడనుంచో నడిచి వచ్చినట్టున్నాడు. నేను చేసిన పనుల్లో అంత బాగా చేసిన పని మరొకటి ఇంతవరకూ లేదు.

మరుసటి ఆదివారం టీచరమ్మ నా కాగితం చేతిలోకి తీసుకుంది. బాగుందనబోయింది. నోరు తెరిచింది గూడా. అంతలో ఆమె బొటనవేలికి ఎరుపు అంటింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది.

"ఈ రంగు యాడిది?"

"గొర్లోళ్ళత్త ఇచ్చింది టీచరమ్మా."

"మీ యమ్మ తెమ్మన్నెదా?"

"లేదు టీచరమ్మా, నేనే పోయినా."

"మీ యమ్మ వాళ్ళింటికి పోతాంటాదా?"

"పోతాంటాది" అన్నాను. గంజి ఇయ్యడానికి పోతుంది కదా.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ బొటనవేలిని తెల్లచీరకు గట్టిగా, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

రెండు దినాల్లో సంఘ పెద్దలు అమ్మను పిలిపించినారు. పాస్టరు అయ్యగారి ఇంటి వసారాలో కూర్చున్నారు. అమ్మ నిలబడింది. నాయనను గనినుంచి పిలిపించినారు. నేను మెట్ల మీద తమ్ముడిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. వాడికి తట్టు మచ్చలు ఇంకా ఆరలేదు, ఒళ్ళంతా నల్లటి పొక్కులు. పెద్దలు అప్పుడప్పుడూ వాడి వైపు చూసేవాళ్ళు.

నా కాగితం బల్ల మీద పరిచి ఉంది.

కాంపౌండరు సంఘంలో పెద్ద మనిషి. ఆయన అడిగినాడు: "ఏమమ్మా, వాకిట్లో వేపాకు కట్టినావంట?"

"కట్టినానయ్యా. ఈగలు వాల్తాంటే కట్టినా."

"అమ్మోరికి కట్టేదేగదా అది?"

"వేపాకు చెట్టుదయ్యా. చెట్టును చేసిందెవురు?"

ఆయనకు ఆ మాట నచ్చలేదు. కాగితం ముందుకు తోసినాడు. "ఇది?"

"పాప రంగుకు తెచ్చుకున్నెది. టీచరమ్మే ఎర్రగుండల్ల అన్నెదంట. నాకు తెలీదు."

"తల్లి పోకుండా బిడ్డకు దావ ఎట్ల తెలుస్తాది?"

టీచరమ్మ గూడా పెద్దల పక్కన కూర్చొని ఉంది. అప్పుడు, ఎవరినీ చూడకుండా, మెల్లగా అన్నది: "అందరమూ ప్రార్థన చేసినాము. నా బిడ్డకు డాక్టరుగారు గూడా పక్కనే ఉన్నెడు. నీ బిడ్డకు ఎవురుండిరి?"

మా తమ్ముడు నా ఒడిలో కిలకిలమన్నాడు. వాడి నోరు చేత్తో మూసినాను.

ఆమె దుఃఖం నాకు తెలుసు. తర్వాత నేనూ తల్లినైనాను, ఒక కాన్పు పోయింది గూడా. అయినా చెబుతున్నాను, ఆమెది దుఃఖమైతే అది ఆమెది. దాన్ని మా ఇంటి మీద దించే హక్కు ఆమెకు ఎవరిచ్చినారు?

పాస్టరు అయ్యగారు మెత్తని మనిషి. మెత్తనివాళ్ళ వల్లనే ఎక్కువ చెడుపు జరుగుతుందని నా అనుభవం. ఆయన అన్నాడు, "అమ్మా, తల్లి ప్రాణం. బిడ్డ సచ్చిపోతాంటే ఎవురైనా యాడికైనా పోతారు. అమ్మోరి దగ్గరికి పోయినానని ఒక్క మాట ఒప్పుకో. క్రిస్మస్ పొద్దు సంఘం ముందర తల వంచు. ఆ పొద్దే క్షమించి బల్లకు పిలుచ్చాం. ల్యాకుంటే నిన్ను బల్లనుంచి ఆపాల్సొస్తాది."

బల్ల అంటే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం. మా వాళ్ళకు అది ఎంతటిదో బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఊర్లో ఎక్కడా వరసలో కూర్చోనియ్యని మనుషులను వరసలో కూర్చోబెట్టిన బల్ల అది. అందుకోసమే మా ముత్తాతలు వచ్చినారు.

నాయన తలపాగా తీసి చేతిలో పట్టుకొని లేచినాడు. "అయ్యా, తెలీక చేసింటాది. ఆడది. ఈసారికి మన్నించండి" అన్నాడు. అమ్మ బోర్డింగు పని పోతుందని ఆయన భయం. కాంపౌండరు, "చూడు, మొగుడే ఒప్పుకున్నెడు" అన్నాడు.

అమ్మ నాయన వైపు చూడలేదు. అయ్యగారితో అన్నది: "ముందటి ఆదివారం అందరి ముందర నా బిడ్డను దేవుడు బతికించినాడని చెప్పినా. ఇప్పుడు కాదు, అమ్మోరు బతికించింది అని చెప్పమంటాండారు. అట్ల చెప్తే క్షమిస్తామంటాండారు. అయ్యగారూ, మీరే చెప్పండి, నేను అబద్ధం యాడ చెప్పల్ల? దేవుని ముందరనా, మీ ముందరనా?"

పెద్దలు లేచి చెప్పులు తొడుక్కున్నారు. ఆ జవాబు ఈ రోజుకూ బాకీనే.

క్రిస్మస్ నాడు చర్చిలో దారాలు కట్టి పిల్లల బొమ్మలన్నీ వరుసగా వేలాడదీసినారు. కాపరులు, దేవదూతలు, జ్ఞానులు, తొట్టి. నాది లేదు. వసారాలోని బల్ల మీదనుంచి అది ఎటుపోయిందో నాకు తెలియదు. అడిగితే చెప్పేవాళ్ళు లేరు. బయట మాంసం ఉడుకుతున్న వాసన, లోపల కొత్త బట్టల వాసన. అమ్మ పాత చీరనే ఉతికి కట్టుకొని తన చాప మీద తన చోట్లోనే కూర్చుంది. ఇంట్లో ఉండిపోమని నాయన బతిమాలినాడు. "నా చోటు నాది" అన్నది. ఆ వారసత్వమే నాకు వచ్చింది.

అయ్యగారు రొట్టె పళ్ళెం పట్టుకొని వరుసలో వచ్చినాడు. అమ్మ చేతులు చాచింది. పళ్ళెం ఆమె తల మీదుగా పక్కామె దగ్గరికి పోయింది. అమ్మ చేతులు అట్లాగే చాచి ఉంచింది, ఆ వరుస అయిపోయేదాకా. ముందు వరుసలో టీచరమ్మ కళ్ళు మూసుకొని ఉంది.

సెలవుల తర్వాత బోర్డింగు వంటింట్లో వేరే ఆమెను పెట్టినారు. గొర్లోళ్ళత్త గోడ దగ్గరికొచ్చి తన నోట్లో తానే కొట్టుకుంది. "నా చేత్తోనే ఇచ్చినా గదమ్మే" అని. "నువ్వు రంగిచ్చినావు. దాన్ని ఇంగోటి చేసినోళ్ళు వేరే ఉండారు" అన్నది అమ్మ. మేము పులివెందులకు పోయినాము. అమ్మ చెనక్కాయల మిల్లులో ఒలిచే పనికి చేరింది. నాయనతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. సంగటి పెట్టేది, నీళ్ళు పెట్టేది, పక్కకు తిరిగి కూర్చునేది. ఆయన పోయినప్పుడు మాత్రం ఆయన చొక్కా ఒకటి తీసి వాకిట్లో దులిపింది. దుమ్మేమీ రాలేదు.

జమ్మలమడుగు పెద్దల మాట అక్కడికీ చేరింది. అమ్మ పులివెందుల చర్చిలో వెనక గోడకు ఆనుకొని కూర్చునేది. చివరి జబ్బులో అక్కడి పాస్టరు రొట్టె తీసుకొని ఇంటికొచ్చినాడు. "ఒక్క మాట అనమ్మా, తప్పయిందని. ఇప్పుడే ఇస్తా" అన్నాడు. అమ్మకు అప్పటికి మాట సరిగా లేదు. చెయ్యెత్తి వద్దని ఊపింది. ఆయన రొట్టెను గుడ్డలో మళ్ళీ చుట్టుకొని పోయినాడు.

అప్పటినుంచి మా ప్రొద్దుటూరు చర్చికి కొత్త పాస్టరు వచ్చినప్పుడల్లా నేను పోతాను. మా అమ్మ మీద వేసిన మాట తీసేయమని అడుగుతాను. ఒకాయన కాఫీ ఇచ్చి పంపించినాడు. ఒకాయన బైబిలు వాక్యం చెప్పినాడు. ఇప్పుడున్నాయన చిన్నవాడు. పిల్లలు రంగులు వేసేటప్పుడు కథ చెప్పడానికి రమ్మని పిలవడానికి మా ఇంటికొచ్చినాడు, నేను బడి పంతులమ్మగా చేసినదాన్నని. "కథ చెప్తా. ముందు నా కథ వినండి" అన్నాను. ఆసాంతం విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "జమ్మలమడుగు సంఘంతో నేను మాట్లాడతానమ్మా" అన్నాడు. మాట్లాడినాడు గూడా. పోయిన ఆదివారం నన్ను కారులో అక్కడికి తీసుకుపోయినాడు.

అదే చర్చి. నేల మీద టైల్సు, చాపల చోట ప్లాస్టిక్ కుర్చీలు. తెలిసిన ముఖం ఒక్కటి లేదు. గోడమీద దారాలు కట్టి పిల్లల రంగుల కాగితాలు వేలాడదీసి ఉన్నాయి. మా పాస్టరు మైకు తీసుకొని అమ్మ సంగతి కొంచెం చెప్పి, "ఆ తల్లి బలహీనతలో చేసినదాన్ని ఈ పొద్దు సంఘమంతా ప్రేమతో క్షమిస్తాంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు.

నేను లేచినాను. "అయ్యగారూ, క్షమించమని ఎవురడిగినారు?"

చప్పట్లు ఆగినాయి. "అమ్మా, మీరే గదా..."

"తప్పు చెయ్యలేదని చెప్పమన్నా. ఆ పొద్దు సంఘం తప్పు చేసిందని చెప్పమన్నా."

"అప్పటి పెద్దలెవురూ ఇప్పుడు ల్యారు గదమ్మా. లేనోళ్ళ మీద తప్పెట్ల పెడతాం?"

"మా అమ్మా లేదు. ఆమె మీద ఇప్పుడే పెట్టలేదా?"

ఎవరో ముసలామె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయింది. నేను బయటికి వచ్చేసినాను. ప్రొద్దుటూరు దాకా కారులో ఆ పిల్లపాస్టరు మంచిగా చేయబోయి మాట పడినవాడి ముఖం పెట్టుకున్నాడు. ఇంకో చలికాలంలో ఆయన తన కొడుకుకు నా ముఖం గురించి ఏం చెబుతాడో.

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోను చేసినాను. వాడు పులివెందులలో బట్టలు కుడతాడు. ముసలివాడైనాడు. పెండ్లి చేసుకోలేదు. చర్చికి పోడు, గుడికీ పోడు. చిన్నప్పుడు ఎవరితోనైనా కొట్లాడితే, నువ్వు అమ్మోరి బిడ్డవంట గదరా అని ఏడిపించేవాళ్ళు. ఒకసారి, బాగా చిన్నప్పుడే, అమ్మ వినకుండా నన్ను అడిగినాడు, "నేను సచ్చిపోయింటే అమ్మకు రొట్టె ఇచ్చుందురా అక్కా?" అని. నేను వాడిని కొట్టినాను. వాడు మళ్ళీ అడగలేదు.

ఫోనులో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. తొక్కుతూనే మాట్లాడతాడు వాడు.

"పోయినావంట గదక్కా జమ్మలమడుగుకు. ఏమన్నారు?"

"క్షమించినారంట."

మిషను ఆగింది.

"దేనికి?"

ఇన్నేండ్లలో ఎన్ని జవాబులు కూడబెట్టుకున్నానో. కాంపౌండరుకు చెప్పాల్సినవి, టీచరమ్మకు చెప్పాల్సినవి. వాడికి చెప్పడానికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"నువ్వు బతికినందుకు నాయనా" అన్నాను.

వాడు ఫోను పెట్టేయలేదు. మిషను మళ్ళీ మొదలైంది.